నీటిలోనికి పోవు బిడ్డ చేతికి కత్తి

పోయిన నెలలో పాలమూరునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కొమార్తె హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, సెలవుదినములలో విశాఖపట్టణమునకు పోయి, వీపున గాలిసిలిండరు కట్టుకొని సముద్రములో మునుగు విద్యను, స్కూబా యనుదానిని, నేర్చుకొనుచున్నదట. పండుగకు ఇంటికి వచ్చినపుడు తల్లి ఆమె సంచి సర్దుచుండగా, కంటి అద్దమునకును కాలి తెడ్లకును నడుమ ఒరలోనున్న చిన్న చాకొకటియు, ముక్కు మొండిగానున్న కత్తెర యొకటియు కనబడినవి. తల్లి గుండె గుభేలుమన్నది.

“ఆడపిల్ల సంచిలో కత్తి యేల? ఆ నీటిలో మొసళ్ళున్నవా, దొంగలున్నారా? అడిగినచో నవ్వి, దారము కోయుటకమ్మా యని ఊరకున్నది. దారము కోయుటకు సముద్రపు టడుగునకు పోవలెనా? నాడు మొదలు నాకు కంటికి కునుకు లేదు. దీనిని పోనిత్తునా, మాన్పింతునా? మీకు తెలిసినది వ్రాయుడు” అని ఆ సోదరి అడిగినది.

జాబు చదివి మేమును మొదట నవ్వుకొంటిమి. కాని ఆ నవ్వు నిలువలేదు. మొన్నటి మాఘమాసమున కృష్ణయొడ్డున ఒక యిల్లాలి నోట వినిన మాటలు మాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆ బిడ్డ తల్లితో చెప్పినది పరిహాసము కాదు, నూటికి నూరుపాళ్ళు నిజము. నీట మునుగువారికి చేపలకంటెను, లోతుకంటెను దారము ఎక్కువ భయంకరమైన సందర్భములు కలవు. ఆ సంగతి సముద్రము నెన్నడును చూడని మన నల్లగొండ, పాలమూరు సీమలలోనే తెలిసికొనవచ్చును. కావున ఈ నెల ఆ తల్లికి వ్రాయవలసిన ప్రత్యుత్తరమును అందఱు సోదరీమణులకును కలిపి ఇచ్చట వ్రాయుచున్నాము.

మనది మెట్టసీమ. రాళ్ళు, రేగళ్ళు, ఎండిన వాగులు, మోటబావులు మన పెద్దలెఱిగినవి. అయినను నేడు మన సీమలో నీరు తక్కువ కాదు. కృష్ణవేణి తంగిడి వద్ద తెలంగాణములో అడుగు పెట్టినది మొదలుకొని అడుగడుగున ఆనకట్టలే. పాత పాలమూరు జిల్లాలో జూరాల ఆనకట్ట 1995లో ప్రారంభమైనది. దిగువను శ్రీశైలము జలాశయపు వెనుకనీరు కొల్లాపురము మండలపు సోమశిలదాక పరచుకొని యున్నది. దానికి దిగువను నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ యానకట్టనుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ నీటిక్రింద నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరము మునిగినది. శ్రీశైలపు నీటిక్రింద ఊళ్ళును, పొలములును, చెట్లును మునిగినవి. కూడలి సంగమేశ్వరుని గుడిని ఱాయి ఱాయి విప్పి ఆలంపురములో మరల కట్టిరి. గుళ్ళను తరలించిరి గాని చెట్లను తరలించువారెవ్వరు? కొమ్మలు కుళ్ళి రాలిపోయినను మోడులు మాత్రము నీటియడుగున నిలిచియే యున్నవి.

ఆ మోడుల నడుమనే మన జాలరుల బ్రతుకు. బెస్తవారు, ముదిరాజులు తరతరములుగా చెరువులలోను నదిలోను చేపలు పట్టుచున్నారు. దేవరకొండ తట్టున సాగరపు వెనుకనీటి యొడ్డున వైజాగు కాలనీ యను పల్లె యొకటి కలదు. విశాఖపట్టణపు సముద్రతీరమునుండి వచ్చిన జాలరులు స్థిరపడుటచేత దానికా పేరు కలిగినది. 2016 మొదలు ప్రభుత్వమువారు చెరువులలోను జలాశయములలోను చేపపిల్లలను ఉచితముగా విడుచుచున్నారు. బొచ్చెలు, రవ్వలు పెరిగినకొలది వలలును పెరిగినవి. సాయంకాలమున పుట్టిలో పోయి నిలువువల దించుట, కోడికూతవేళ పోయి ఎత్తుట వీరి పని. మగవాడు వల లాగుచుండగా పుట్టికి తెడ్డువేయునది పెక్కుచోట్ల ఇల్లాలే. ఈ సంగతి పట్టణపు సోదరీమణులలో ఎందఱో యెఱుగరు.

ఒక పెండ్లికి దేవరకొండ పోయినపుడు మేము ఆ యొడ్డున నొక పల్లెకు పోయితిమి. ఒకానొక యిల్లాలు ఇంటిముందు కూర్చుండి చిరిగిన వలను కుట్టుచుండెను. వలలో ఒకవైపు పెద్ద బొక్క. ఇంత చిరుగుట ఎట్లు జరిగెనని అడిగితిమి. ఆమె సూదిని ప్రక్కన గ్రుచ్చి, ఆ కథ చెప్పినది.

ఆ నెలకు ముందు ఒక తెల్లవాఱుజామున దంపతులిరువురును పుట్టిలో పోయిరి. వల ఎత్తుచుండగా అడుగున మోడునకు తగులుకొని రాలేదు. ఎంత లాగినను ఊడదయ్యెను. మగడు పుట్టి యంచును చేతపట్టుకొని నీటిలో దిగి, కాలితో వెదకి, వలను మోడునుండి తప్పింపజూచెను. మొదట పాదము కన్నులలో చిక్కినది. దానిని విదల్చెను. రెండవ పాదమును చిక్కినది. తప్పించుకొనుటకు అటునిటు తిరిగెను. తిరిగినకొలది వల మోకాళ్ళదాక చుట్టుకొన్నది. ఇంతలో గాలి వీచి పుట్టి ప్రక్కకు జరిగినది. జరుగగానే వల బిగిసి మనిషిని క్రిందికి లాగినది. అతని తల ఒకమాఱు మునిగి తేలినది.

“అమ్మా, గా దారం కండ్లకు ఆనదు. కాలుకు సుట్టుకున్నంక గాని ఎరుకగాదు” అని ఆమె మాతో అన్నది.

పుట్టిలో కొడవలి ఉన్నది. కాని అది గోనెసంచులక్రింద, సద్దిమూటక్రింద ఎక్కడనో ఉన్నది. చీకటిలో చేతులతో తడవి తీయునప్పటికి అతడు రెండవమాఱు మునిగెను. తేలినవాడు తేలినట్లే కేక వేసెనట: “వల కొయ్యకే, అప్పున్నది!” అని. వలయు, బెండ్లును, సీసపుగుండ్లును కలిపి వేలరూపాయల అప్పు. ఆ యప్పు ఇంకను తీరలేదు. చావు మెడమీదికి వచ్చినప్పుడు సయితము వానికి ముందు జ్ఞప్తికి వచ్చినది ఆ యప్పే.

ఆమె మాఱుమాటాడలేదు. పుట్టికి కట్టియున్న వలయొక్క పైత్రాటిని, బెండ్లతోసహా, మొదట తానే తెగగోసినది. పిమ్మట కొడవలిని మగని చేతికిచ్చి, ఇంక ఆ వల మనది కాదు, కోయుమని చెప్పినది. పైత్రాడు తెగినపిదప మిగిలినదానిని దాచి ప్రయోజనము లేదు గదా. అతడు ఒక చేత పుట్టిని పట్టుకొని, వంగి, మోకాళ్ళక్రింద బిగిసియున్న కన్నులను తెగగోసికొని పైకి వచ్చెను. మరునాడు తెల్లవాఱినపిదప ఇరువురును పోయి మిగిలినంత వలను తెచ్చుకొనిరి. ఆమె కుట్టుచున్నది దానినే.

“వల మల్ల కొనుక్కుంటం. మనిషిని యాడికెల్లి కొనుక్కరావాలె?” అని ఆమె తిరిగి సూది చేతికెత్తుకొనెను. ఆ వెనుక వానకాలమున వారి ప్రక్కయింటి పిల్లవాడొకడు ఇట్లే చిక్కి తిరిగి రాలేదట. ఆ యింటను మంచి కత్తియే ఉన్నది. కాని అది ఇంటిచూరులో చెక్కియున్నది.

సోదరీమణులారా, ఈ చిక్కు మన తాతలనాడు ఇంత లేదు. అప్పటి వలలు నూలువి, జనుమువి. అవి లావుగానుండి కంటికి కనబడెడివి, నానినచో కొన్నాళ్ళకు కుళ్ళెడివి. గట్టిగా లాగిన తెగెడివి. 1938లో అమెరికావారు నైలాను అను కృత్రిమపు పోగును లోకమునకు ప్రకటించిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము వలలు దానితో అల్లుట వ్యాపించినది. ఈ పోగు కుళ్ళదు, తేలిక, చౌక, తలవెండ్రుకవలె సన్నము. నీటిలో పడినచో గాజువలె నీటిరంగే. చేప చూడకుండుటకే అట్లు చేసిరి. చేపకు కనబడనిది మనిషికి మాత్రము కనబడునా? మోడునకు తగులుకొని తెగి అడుగున మిగిలిపోయిన వల ఎవరి సొత్తును కాకపోయినను ఏండ్లతరబడి చేపలను, తాబేళ్ళను, పక్షులను పట్టుచునే యుండును. దీనిని ఇంగ్లీషువారు దయ్యపువల యందురు. ఆ పేరు మనకును సరిపోవును.

సముద్రమునను ఇదే గోడు. మన కోస్తాతీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇట్టి వలలలో చిక్కి చచ్చుచున్నవి. వాని పేరుతోనే 2013లో మాల్దీవులలో ఒక సంఘము పుట్టి, విడిచిన వలలను ఏరుపనిలోనున్నది. విశాఖతీరమునను స్కూబా నేర్చినవారు పాతవలలను కోసి పైకి తెచ్చుచున్నారు. పాలమూరు సోదరి కొమార్తెయు ఒకనాడు అట్టి మేలుపని చేయవచ్చును. వలను తీయబోయినవారే వలలో చిక్కుట సులభము గనుక, వారి చేత చాకు మఱింత అవసరము.

స్కూబా యనిన ఏమో కొందఱికి తెలియకపోవచ్చును. 1943లో ఫ్రాన్సుదేశపు కూస్తో, గన్యాన్ అను నిరువురు, సిలిండరులోని బిగించిన గాలిని మునిగినవాడు పీల్చినపుడెల్ల తగినంత వదలు ఉపకరణమును సిద్ధపఱచిరి. అప్పటినుండి మనుష్యుడు చేపవలె నీటిలో ఈదుచు అరగంట, ముప్పాతికగంట తిరుగగలిగినాడు. ఈ విద్యలో ఊపిరి ఉన్నది గాని, అది లెక్కపెట్టిన ఊపిరి. వీపున సిలిండరు, దానికి మెడవద్ద మీట, నోటికి గొట్టము, ఱొమ్మున పట్టీలు, కాళ్ళకు తెడ్లు, వానికి కట్లు. ఇన్ని కొక్కెములున్నచోట దారము తగులుకొనుటకు తావు లేకపోవునా? అందులోను సిలిండరు మీట తల వెనుకనుండును. అచ్చట తగిలిన దారమును మునిగినవాడు తాను చూడలేడు, చేతికి అందదు.

మొదట మొదట ఈ విద్యనభ్యసించినవారు పిక్కకు పెద్ద బాకు కట్టుకొనెడివారు. సినిమాలలో దానితో సొరచేపలతో పోరుట చూపించెడివారు. నేటి గురువులు అట్లు చెప్పరు. పెద్దబాకు పిడియే దారమును తగిలించుకొనును. కాళ్ళు చిక్కినపుడు పిక్కదాక వంగుట కష్టము. కావున చిన్న కత్తి, అది ఱొమ్ముపట్టీమీదనో నడుమునందో, ఏ చేతికైనను అందుచోట ఉండవలెను. కుడిచేయి చిక్కినచో ఎడమచేయి తీయవలెను గదా. అందుకే అనుభవజ్ఞులు రెండు పనిముట్లను, రెండు చోటుల ఉంచుకొందురు. ఒకటి జాఱి పడినను రెండవది ఉండును.

పనిముట్లలో మూడు విధములు ముఖ్యమైనవి. మొదటిది చాకు. దానికి ఒకవైపు నున్నని వాదర, ఒకవైపు ఱంపపుపండ్లు ఉండును. సన్నని నైలాను దారమునకు నున్నని వాదర, లావుత్రాటికి ఱంపపుపండ్లు. కొన మొండిగా నుండుట మేలు. తొందరలో తన పట్టీనో, జోడుగా వచ్చినవారి చేతినో గ్రుచ్చదు. రెండవది కొక్కెపు చాకు. అఱచేతిలో ఇముడునంత చిన్నది. దాని వాదర లోపలి వంపులో దాగియుండును. దారమును ఆ వంపులోనికి జాఱవిడిచి లాగినచో తెగును, ఒడలికి తగులదు. మూడవది ఆసుపత్రులలో గాయపడినవారి బట్టలు కోయు మొండిముక్కు కత్తెర. చాకునకు లొంగని సన్నని ఇనుపతీగెను సయితము అది త్రుంచును. మన సోదరి చూచిన కత్తెర అదియే కాబోలు.

ఇంటిపని నెఱిగినవారికి ఇంకొక మర్మము సులభముగా తెలియును. వదులుగానున్న దారమును ఎంత పదునైన చాకుతో గీచినను అది వాదరవెంట జాఱుచుండును. కుట్టుపనిలో మనము దారమును వ్రేళ్ళనడుమ బిగించి పట్టి కదా త్రెంచెదము. నీటిలోను అంతే. ఒకచేత బిగించి, రెండవచేత కోయవలెను. కోయునపుడు వాదర తన ఒడలివైపు గాక వెలుపలివైపు ఉండవలెను. దారము ఒడలికి ఇరువైపుల పోవునుగనుక, రెండువైపులను కోయవలెను. గాలిగొట్టము దగ్గఱ కోయునపుడు చేత తడవి చూచి, ఇది దారమా గొట్టమా యని రూఢి చేసికొన్నపిమ్మటనే కోయవలెను.

ఇవన్నియు తెలిసినను, చిక్కిన క్షణమున మనసు చెదరినచో వ్యర్థము. అందుకే గురువులు పదేపదే నేర్పు పద్ధతి యొకటి కలదు. మొదట నిలువుము. చుట్టు తిరుగకుము. తిరిగినచో పొత్తులబిడ్డకు గుడ్డ చుట్టినట్లు దారము చుట్టుకొనును. పిదప నెమ్మదిగా ఊపిరి పీల్చుము. గుండె దడతో పీల్చినచో సిలిండరులోని గాలి వేగముగా తఱుగును. పిదప జోడువానికి సైగ చేయుము. వెనుకకు వచ్చినదారినే కొంచెము వెనుకకు జరుగుము. పెక్కుమాఱులు ఇంతమాత్రముననే చిక్కు వీడును. వీడనిచో చాకు తీయుము. ఈ వరుసలో చాకు కడపటిది. కాని అది లేనిచో వరుస పూర్తికాదు. ఒంటరిగా మునుగరాదను నియమమునకును ఇదే కారణము. తల వెనుక తగిలినదానిని తీయవలసినది జోడువారే.

గాలిసిలిండరు లేక ఊపిరి బిగబట్టి మునుగువారికి ఈ తీరిక లేదు. మన యేటిగట్టులనుండు గజయీతగాండ్రను చూచుచున్నాము. 2016 ఆగష్టులో కృష్ణాపుష్కరములపుడు బీచుపల్లిలోను, సోమశిలలోను, వాడపల్లిలోను, సాగరమునను ఘట్టములవద్ద వారిని నిలిపిరి. ఇతర దినములలో ఎవరేని మునిగిపోయినపుడు పిలిపించునదియు వారినే. నలువదియైదు లెక్కపెట్టునంతలో దిగి, తడవి, రావలెను. అడుగున మోడులు, తెగిన వలలు, పంపుమోటార్లకు కట్టిన త్రాళ్ళు. మఱల పుష్కరములు 2028లో వచ్చును. ఘట్టములవద్ద వెలుగులకును పందిళ్ళకును చేయు వ్యయములో, ప్రతి యీతగాని నడుమునకు ఒక చిన్న చాకు కట్టు వ్యయము ఎంతపాటిది? ఆ యూళ్ళ పంచాయతులలో కూర్చుండు సోదరీమణులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురుగాక.

ఊపిరి బిగబట్టి మునుగు స్త్రీలలో కొరియాదేశపు జేజు ద్వీపమువారు ప్రసిద్ధులు. వారిని హెన్యో లందురు. ఆ కట్టుపాటును 2016లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతికసంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది. అవ్వలు సయితము నేటికిని సముద్రములో మునిగి నత్తలను, గవ్వచేపలను ఏరి సంసారములు ఈడ్చుచున్నారు. వారు పట్టుకొను తేలుబుఱ్ఱ పూర్వము ఎండిన సొరకాయ. మన పాలమూరు బావులలో పిల్లలు ఈత నేర్చుటకు నడుమునకు కట్టుకొన్నదియు సొరబుఱ్ఱయే గదా. సముద్రము నాచును కోయుటకు వారిచేత కొడవలి యుండును. ఱాతిని అంటుకొన్న పెద్దగవ్వను పెకల్చుటకు ఇనుపపట్టె యుండును. ఆ పట్టె జాఱిపోకుండ దాని త్రాటిని మణికట్టునకు తగిలించుకొందురు. ఒక్కొక్కపుడు గవ్వ బిగిసికొని ఆ పట్టెను గట్టిగా పట్టివేయును. త్రాడు మణికట్టునుండి వెంటనే ఊడిరానిచో మునిగిన స్త్రీ అచ్చటనే చిక్కును. అట్లు ప్రాణములు పోయినవారు కలరు. కాపాడుటకు కట్టుకొన్న త్రాడే ఉరియగుట అట్లే. కావున నడుమునకు త్రాడు కట్టి బావిలోనికి దించునపుడైనను, చాకునకు త్రాడు కట్టుకొనునపుడైనను, ఒక్క లాగున ఊడివచ్చు ముడినే వేయవలెను.

ఇక పాలమూరు సోదరికి మా ప్రత్యుత్తరము. అమ్మా, నీ బిడ్డను మాన్పింపవలదు. ఆమె సంచిలోని కత్తిని చూచి భయపడవలదు. అది లేకున్న భయపడవలసినది. కాని తల్లిగా నీవు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. చాకు పదునుగా నున్నదా? ఉప్పునీట దిగివచ్చినపిమ్మట మంచినీట కడిగి, తుడిచి, ఆరబెట్టి, పలుచగా నూనె రాచుచున్నదా? త్రుప్పు పట్టదని చెప్పి అమ్మిన ఉక్కు సయితము ఉప్పునీట త్రుప్పుపట్టును. ఒరలో అంటుకొనిపోయిన చాకు ఉన్నను లేనట్లే. దానిని ఏ చేతితోనైనను, కన్నులు మూసికొనియైనను తీయగలదా? నీ యింటి నడవలోనే నీ యెదుట తీసి చూపమనుము. ఆమెకు జోడుగా మునుగువారెవరు? వారివద్ద చాకున్నదా?

కడపట అడుగవలసినది అన్నిటికంటె ముఖ్యము. దేనిని కోయుటకు వెనుదీయుదువు అని అడుగుము. మునుగువారి చేత విలువగల త్రాటియుండలు, దీపములు, కెమెరాలు ఉండును. ఎరువు తెచ్చిన సామానుండును. వల కోయవలదని కేకవేసిన ఆ జాలరి బుద్ధిహీనుడు కాడు. అప్పు జ్ఞాపకమున్నవాడు. నీటిలో ఊపిరాడనపుడు ధరలెంచుకొనుటకు వ్యవధి లేదు. అందుచేత ఏది పోయినను పోనిమ్మను మాట గట్టుమీదనే, ఇంటిలోనే, ముందుగా తీర్మానించుకొనవలెను. ఆ తీర్మానము ఇంటివారి నోటినుండి రావలెను. వల పోయినను నిన్ను ఏమియు అనమని ఇల్లాలు ముందే చెప్పియున్న మగడు, సామాను పోయినను నిన్ను కోపింపనని తల్లి ముందే చెప్పియున్న బిడ్డ, కత్తి తీయుటకు ఆలస్యము చేయరు.

ఏటియొడ్డున నివసించు సోదరీమణులకు మఱొక్క మాట. మగవాడు వలకు పోవునపుడు సద్దిమూట కట్టి యిచ్చుచున్నారు. ఆ మూటతోపాటు కొడవలియు పోవుచున్నదా యని చూడుడు. అది మూటక్రింద గాక, పుట్టి అంచున అందుచోట, చిన్నత్రాటితో వ్రేలవలెను. మగని మొలత్రాటికి మడతచాకొకటి ఉండవలెను. వారమున కొకమాఱు ఱాతిమీద నూరుడు. కూరలు తరుగు కత్తిపీటకు పదును తగ్గినచో మన మొకదినమైనను ఊరకుందుమా?

మన యిండ్లలో పురిటిగదిలో బాలింత తలాపున ఇనుపకత్తిని ఉంచు ఆచారము కలదు. పసివానికి మొలత్రాడు కట్టి దానికి తాయెత్తు తగిలింతుము. బిడ్డకు కీడు రాకూడదని తల్లి చేయునది అది. అదే బిడ్డ పెద్దదై నీటిలోనికి పోవునపుడు అదే ఇనుమును ఆమె చేతి కిచ్చుటకు ఏల జంకవలెను? పాలమూరు సోదరీ, ఈ మాఱు నీ కొమార్తె బయలుదేఱునపుడు ఆ సంచిని నీవే సర్దుము. చాకును ఒరనుండి తీసి, బొటనవ్రేలితో వాదర చూచి, పదును చాలనిచో నూరి, తిరిగి ఒరలో నీ చేతితోనే పెట్టుము. పిమ్మట ఆమె తిరిగి వచ్చి ఏమి చూచినదో మాకు వ్రాయుము. ఈ పుటలోనే ప్రకటింతుము.